గొంగళి అక్కడే ఉంటుందని ఎవరన్నారు?

"ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది" అన్న సామెత మీద నాకు కోపమేమీ లేదు. సాగని పనిని గురించి మన పెద్దలు ఆ మాట అన్నారు, సరిగానే అన్నారు. నా కోపమల్లా ఆ సామెతకు గణితశాస్త్రపు శాలువా కప్పి సభల్లోనూ వ్యాసాల్లోనూ ఊరేగిస్తున్న వారి మీద.

వారి వాదన మీరందరూ ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. యాదృచ్ఛిక నడక అని ఒక సిద్ధాంతం ఉందట. తాగినవాడొకడు ప్రతి అడుగుకూ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ముందుకూ బొరుసు పడితే వెనక్కూ వేస్తూ పోతే, ఎప్పటికైనా బయలుదేరిన చోటికే వచ్చి తీరతాడని గణితం రుజువు చేసిందట. కనుక, అంటారు వీరు, జీవితమూ అంతే, చరిత్రా అంతే. పోయినది తిరిగి వస్తుంది, పైకెగసినది కిందికి దిగుతుంది. దిక్కు తెలియని నడక ఎక్కడికీ చేర్చదు. చేరలేదంటే తప్పు నడిచినవాడి కాళ్ళది.

ఈ చివరి వాక్యం కోసమే నేనీ వ్యాసం రాస్తున్నాను. మొదటి మాటలు అర్ధసత్యాలు. చివరిది పచ్చి అబద్ధం. ఆ అబద్ధానికి గణితం చేత వేలిముద్ర వేయించడం అన్యాయం.

ముందుగా అర్ధసత్యం సంగతి. యాదృచ్ఛిక నడక అన్న ప్రశ్నను ఆ పేరుతో 1905లో కార్ల్ పియర్సన్ 'నేచర్' పత్రికలో అడిగాడు. 1921లో జార్జ్ పోయా ఒక సిద్ధాంతాన్ని ప్రకటించాడు. తిన్నని గీత మీద గానీ, నిలువు అడ్డ వీధులున్న సమతలం మీద గానీ అన్ని దిక్కులకూ సమాన అవకాశంతో నడిచేవాడు తప్పక ఇంటికి తిరిగి వస్తాడు. మూడు కొలతలున్న ఆవరణలో మాత్రం అలా కాదు. అక్కడ తిరిగి వచ్చే సంభావ్యత సుమారు 34 శాతమే. తాగిన మనిషి ఇల్లు చేరతాడు గానీ తాగిన పక్షి దారి తప్పవచ్చునన్న చమత్కారం కకుతాని పేరు మీద ప్రచారంలో ఉన్నది ఇందువల్లనే. మన వ్యాసకర్తలు ఈ సిద్ధాంతంలో మొదటి సగం ఉంచుకుని రెండో సగం పారేశారు. మనిషిని తీసుకుని పక్షిని వదిలేశారు.

ఉంచుకున్న సగమైనా వారనుకున్న ఓదార్పు ఇస్తుందా? గీత మీద నడిచేవాడు తప్పక తిరిగి వస్తాడు, నిజమే. కానీ ఆ రాకకు పట్టే కాలపు సగటు అనంతం. పదివేల అడుగులు వేసిన తర్వాత కూడా వెయ్యిమందిలో ఎనిమిదిమంది చొప్పున ఒక్కసారైనా ఇల్లు చూసి ఉండరు. సమతలం మీద పరిస్థితి మరీ విడ్డూరం. అక్కడ 10 లక్షల అడుగులు వేసినా ఇంకా ఒక్కసారి కూడా వెనక్కు రానివారు సుమారు ఐదింట ఒక వంతు ఉంటారు. "తప్పక" అన్న మాటకూ "మన ఆయుర్దాయంలో" అన్న మాటకూ మధ్య ఎంత అగాధమున్నదో చూశారా?

మా బంధువర్గంలో ఒక పెద్దాయన షేర్లలో డబ్బు పోగొట్టుకుంటూ, "పోయిందంతా తిరిగి రావలసిందే బాబూ, అది లెక్క" అనేవారు. ఆ లెక్క ఎక్కడ చదివారో నాకు తెలియదు గానీ, దానిలో దాగిన ఎదురుదెబ్బ ఆయనకెవరూ చెప్పలేదు. గీత మీద నడిచేవాడు ఇంటిని తప్పక తాకుతాడని ఏ సిద్ధాంతం చెబుతున్నదో, అదే సిద్ధాంతం అతడు గీత మీది ప్రతి బిందువునూ తప్పక తాకుతాడని కూడా చెబుతుంది. ఆ బిందువుల్లో ఒకదాని పేరు సున్న. జేబు ఖాళీ అయిన క్షణాన ఆట ముగుస్తుంది. మళ్ళీ కోలుకునే నడక ఉండదు. పరిమితమైన జేబుతో, ఏ పక్షపాతమూ లేని ఆటను ఎడతెగక ఆడేవాడు దివాలా తీయడం ఖాయమని చెప్పేది కూడా ఈ లెక్కే. ఓదార్పుగా చెప్పుకున్నది ఉరితాడుగా మారడానికి వాక్యంలో ఒక్క మాట మారితే చాలును.

ఇక అసలు విషయానికి వస్తాను. గీత, సమతలం, ఆవరణ, వీటన్నిటిలో ఒక సౌకర్యం దాగి ఉంది. తూర్పుకు ఒక అడుగు, ఉత్తరానికి ఒక అడుగు, పడమరకు ఒకటి, దక్షిణానికి ఒకటి వేస్తే ఇంటి ముందు ఉంటాం. అడుగులు ఏ క్రమంలో వేసినా ఫలితం ఒక్కటే. లెక్క సరిపోతే చాలు. కానీ లోకంలోని పనులన్నీ ఇలాంటివేనా? కదలికలు, ప్రతి కదలికకూ దాన్ని రద్దు చేసే ఎదురు కదలిక, ఒకదాని వెంట ఒకటి చేయగల వీలు, ఇవి ఉన్న వ్యవస్థను గణితంలో సమూహం అంటారు. క్రమం పట్టింపు లేని సమూహాలు వాటిలో ఒక చిన్న వాడ మాత్రమే. ఊరంతా మిగిలే ఉంది.

ఆ ఊళ్ళోని ఒక ఇంటిని చూడండి. దిక్కులు అవే నాలుగు. నియమం మాత్రం ఒక్కటే: వేసిన అడుగును రద్దు చేయాలంటే వెనువెంటనే దాని ఎదురడుగే వేయాలి. తూర్పు తర్వాత పడమర వేస్తే రెండూ రద్దు. తూర్పు, ఉత్తరం, పడమర, దక్షిణం అని వేస్తే ఏదీ రద్దు కాదు. నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉంటారు. తిరిగి రావాలంటే దక్షిణానికి ఉత్తరం, పడమరకు తూర్పు, ఉత్తరానికి దక్షిణం, తూర్పుకు పడమర, వచ్చిన దారినే వెనక్కు నడవాలి. మరో అడ్డదారి లేదు. దీన్ని స్వేచ్ఛా సమూహం అంటారు. బొమ్మ గీస్తే అది ఒక చెట్టు. ప్రతి కూడలి వద్దా నాలుగు దారులు, ఒకటి వచ్చినది, మూడు కొత్తవి. ఎక్కడా చుట్టు తిరిగి కలిసే దారి లేదు.

ఇప్పుడు అదే తాగినవాణ్ణి, అదే నాణేలతో, ఈ చెట్టు మీద వదలండి. నాలుగు దారులకూ సమానమైన అవకాశమే. అతడికి ఏ దిక్కు మీదా మక్కువ లేదు. అయినా ప్రతి అడుగుకూ ఇంటి నుంచి దూరం పెరిగే అవకాశం నాలుగింట మూడు, తగ్గే అవకాశం నాలుగింట ఒకటి. కనుక వెయ్యి అడుగుల తర్వాత అతడు సుమారు 500 అడుగుల దూరంలో ఉంటాడు. సమతలం మీద వెయ్యి అడుగులు వేసినవాడు ఉండేది సుమారు 32 అడుగుల దూరంలో! ఒకే కాళ్ళు, ఒకే మత్తు, ఒకే నాణెం.

అతడు ఇల్లు చేరతాడా? ఈ లెక్క హైస్కూలు పిల్లలు కూడా చేయగలరు. ఇంటికి ఒక్క అడుగు దూరంలో ఉన్నవాడు ఎప్పటికైనా ఇల్లు చేరే సంభావ్యత ఎంత అన్నది ప్రశ్న. నాలుగింట ఒక వంతు అవకాశంతో వెంటనే చేరతాడు. మిగిలిన మూడు వంతుల్లో రెండడుగుల దూరానికి పోతాడు, అక్కడి నుంచి ఇల్లు చేరాలంటే అదే సంభావ్యత గల పనిని రెండుసార్లు సాధించాలి. ఈ వర్గ సమీకరణాన్ని సాధిస్తే వచ్చే విలువ మూడింట ఒకటి. అంటే ముగ్గురిలో ఇద్దరు ఇంటి ముఖం మళ్ళీ చూడరు. నూరు అడుగుల తర్వాత సరిగ్గా ఇంటి వద్ద ఉండే సంభావ్యత సమతలం మీద 157లో ఒకటి. ఈ చెట్టు మీద అది 10 లక్షల్లో ఒకటి కూడా కాదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? జవాబు పొలిమేరలో ఉంది. సమతలం మీద నూరు అడుగుల చదరం తీసుకుంటే లోపల పదివేల చోట్లుంటాయి, అంచు మీద ఉండేవి సుమారు నాలుగు వందలే. చదరం పెరిగేకొద్దీ అంచు వాటా తరుగుతుంది. చెట్టు మీద ఎంత పెద్ద ఆవరణ తీసుకున్నా, అందులోని చోట్లలో మూడింట రెండు వంతులు అంచు మీదనే ఉంటాయి. అక్కడ ఊరంతా పొలిమేరే. ఈ తేడాను పట్టి సమూహాలను రెండు జాతులుగా విడదీసే ఊహ 1929లో ఫాన్ నాయ్‌మన్‌ది. నడకకూ దానికీ ఉన్న బంధాన్ని 1959లో హ్యారీ కెస్టెన్ రుజువు చేశాడు: ఇంటి వద్ద ఉండే సంభావ్యత అడుగడుగునా ఒక స్థిర నిష్పత్తిలో కుంచించుకుపోవడమూ, పొలిమేర వాటా తరగకపోవడమూ ఒకటే. నడిచేవాడి గుణగణాల ప్రసక్తి ఆ రుజువులో ఎక్కడా లేదు.

అనంతమైన సమూహాలన్నిటిలోనూ నడక తప్పక ఇంటికి చేరేవి ఎన్ని? గ్రోమోవ్ 1981లో ప్రకటించిన సిద్ధాంతం ఆధారంగా 1980లలో వరోపౌలోస్ దీనికి జవాబు ఇచ్చాడు. ప్రాథమికంగా గీత, సమతలం, ఈ రెండే. మిగిలిన ఏ అనంత సమూహంలోనైనా నడిచేవాడు ఎప్పటికీ తిరిగి రాకపోవడానికి అవకాశం ఉంది. మన వ్యాసకర్తలు విశ్వనియమంగా ప్రకటించినది నిజానికి రెండే రెండు మినహాయింపుల కథ.

తిరిగి రావడం, రాకపోవడం కూడా అసలు ప్రశ్న కాదంటాను. మూడు కొలతల ఆవరణలో తిరిగి వచ్చే సంభావ్యత 34 శాతం, చెట్టు మీద 33 శాతం. దాదాపు ఒకటే. అయినా ఆ రెండు నడకలకూ హస్తిమశకాంతరం ఉంది. ఆవరణలోని పక్షి దూరమైపోతుంది గానీ, చాలాకాలం గడిచాక దాన్ని చూసి అది మొదట ఎటు ఎగిరిందో చెప్పలేము. దాని గతం చెరిగిపోతుంది. చెట్టు మీద నడిచినవాడి గతం చెరగదు. అతడు తూర్పుకు మొదటి అడుగు వేశాడనుకోండి. మూడింట రెండు వంతుల అవకాశంతో మరిక ఇంటికి రాడు, తూర్పు కొమ్మలోనే ఉండిపోతాడు. ఒకవేళ వస్తే మళ్ళీ నాలుగు దిక్కులూ సమానమే. రెండూ కలిపితే, అతడు అనంతకాలంలో తూర్పు కొమ్మ మీదనే స్థిరపడే సంభావ్యత నాలుగింట మూడు. మొదటి అడుగును నాణెం నిర్ణయించింది. ఆ అడుగు ముద్ర మాత్రం శాశ్వతం.

ప్రతి నడకా ఇలా ఒక్కొక్క కొమ్మనూ ఖాయం చేసుకుంటూ చెట్టు చివరనున్న ఒకానొక బిందువు వైపు సాగిపోతుంది. ఆ చివరి బిందువులన్నీ కలిసినదే ఆ సమూహపు పొలిమేర. దీన్ని 1963లో శాస్త్రంగా మలచినవాడు హిల్లెల్ ఫుర్‌స్టెన్‌బర్గ్. సంభావ్యతా పద్ధతులతో సమూహాల లోతు చూసినందుకు ఆయనకూ గ్రిగరీ మార్గూలిస్‌కూ 2020లో ఆబెల్ బహుమతి ఇచ్చారు. గమ్యం కోరనివాడికి కూడా గమ్యం ఉంటుందన్నది, కనీసం ఈ నేల మీద, రుజువైన విషయం. దిక్కు తెలియని నడక ఎక్కడికీ చేర్చదన్న వాక్యం ఇక్కడ కూలిపోతుంది.

అయితే అవతలి పక్షం వారికి ఒక హెచ్చరిక చేయకపోతే నేనూ వారి తప్పే చేసినవాణ్ణవుతాను. దారులు ఎక్కువగా ఉంటే చాలు, గతం నిలుస్తుంది, అవకాశాలు విస్తరిస్తే మనిషి ఎక్కడికైనా చేరతాడు అని ఉత్సాహపడేవారున్నారు. వారి కోసం ఒక దీపాల వీధి ఉంది. అంతులేని వీధి, ప్రతి ఇంటి ముందూ ఒక దీపం. బాటసారి నాణెం చెప్పినట్టు ఒక అడుగు అటో ఇటో వేస్తాడు, లేదా ఉన్నచోటి దీపాన్ని వెలిగిస్తాడు, వెలుగుతుంటే ఆర్పుతాడు. అతడి స్థానమూ, దీపాల స్థితీ కలిపి ఒక సమూహం. ఇన్ని అడుగుల్లో చేరగల స్థితుల సంఖ్య చెట్టు మీద లాగే ఘాతీయంగా పెరుగుతుంది. దారులకు కొదవ లేదు. అయినా వీధిలో నడిచేవాడు ప్రతి దీపం వద్దకూ మళ్ళీ మళ్ళీ వస్తాడు కనుక, తాను వెలిగించినదాన్ని తానే ఆర్పుతూ, ఆర్పినదాన్ని వెలిగిస్తూ పోతాడు. ఏదీ నిలవదు, గతం చెరిగిపోతుంది, దూరం పెరిగే వేగం సున్న. అవే దీపాలను మూడు కొలతల ఆవరణలో వేలాడదీస్తే కథ మారిపోతుంది. అక్కడ బాటసారి ఏ దీపం వద్దకైనా కొన్నిసార్లే వస్తాడు, ఆ తర్వాత మళ్ళీ రాడు. చివరిసారి ఎలా వదిలాడో ఆ దీపం అలాగే ఉండిపోతుంది. వెలిగిన దీపాల ఆ తుది చిత్రమే అతడి గతం. 1983లో కైమనోవిచ్, వెర్షిక్‌లు చూపించిన ఈ ఉదాహరణ రెండు పక్షాల వారి నోళ్ళూ మూయించగలదు. దారుల సంఖ్య ఒక్కటే చాలదు. చేసిన పనిని మళ్ళీ చెరిపే చోటుకు నేల మనల్ని తిప్పి తెస్తుందా లేదా అన్నది అసలు ప్రశ్న.

"చెట్లూ దీపాలూ మీ ఊహాలోకంలోవి, మేము నడిచేది నేల మీద" అని కొందరనవచ్చు. చేతిలోకి ఒక బంతి తీసుకోండి. రెండు అక్షాలను, తగిన కోణాలను ఎంచుకుని దాన్ని తిప్పుతూ పోతే, ఆ భ్రమణాల మధ్య ఎదురు తిప్పుడు తప్ప మరే రద్దూ ఉండదు. అంటే పైన చెప్పిన చెట్టు ఆ బంతిలోనే ఉంది. ఇది 1914లో హౌస్‌డార్ఫ్ చూపినదే. రెండు వరుసలూ రెండు నిలువులూ ఉన్న సాధారణ మాత్రికలు రెండింటిలోనూ ఆ చెట్టు ఉందని 1947లో సానోవ్ చూపాడు. పేకముక్కలు కలపడం కూడా ఒక సమూహం మీది నడకే. అది పరిమిత సమూహం కనుక అక్కడ గతం చెరిగిపోవలసిందే, చెరగడానికి మామూలు కలపడం ఏడుసార్లు సరిపోతుందని 1992లో బేయర్, డయాకోనిస్‌లు లెక్కగట్టారు. చూశారా, చెరిగే చోట చెరుగుతుందనే నేనూ అంటున్నాను. ఏ నేల మీద అన్నది చెప్పకుండా తీర్పు ఇవ్వవద్దంటున్నాను.

"ఇది మనకు సంబంధించిన విద్య కాదు, తెలుగులో ఇమడదు" అన్న మాట మరొకటి. మన దేశానికి ఈ విద్య పరాయిది కాదు. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పెరిగిన పార్థసారథి, రంగారావు, వరధన్‌లు క్రమం పట్టింపు లేని సమూహాల మీది సంభావ్యతల గురించి 1963లోనే మౌలికమైన పత్రం ప్రచురించారు. వారిలో వరధన్‌కు 2007లో ఆబెల్ బహుమతి వచ్చింది. ఇక భాష సంగతి: సమూహం, సంభావ్యత, మాత్రిక, ఇవి మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటలే. పొలిమేర, కూడలి, కొమ్మ, ఇవి మన అమ్మమ్మలకు తెలిసిన మాటలు. పై లెక్కలన్నీ ఈ పిడికెడు మాటలతోనే చెప్పాను. ఇమడనిది భాషలో కాదు, ప్రయత్నించని మనసులో.

ఇక ఆ చివరి వాక్యం, కాళ్ళది తప్పన్నది. "తాగుబోతు నడక" అన్న పేరే ఈ చిక్కుకు మూలమని నా అనుమానం. ఆ పేరు వినగానే చూపు తూలే కాళ్ళ మీదికి పోతుంది, నేల మీదికి పోదు. పరీక్షల్లో నిలదొక్కుకోని పిల్లవాణ్ణి, పట్నం వెళ్ళి ఉత్తచేతులతో వచ్చిన యువకుణ్ణి చూసి, "వీడిది దిక్కులేని నడక, అందుకే తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చాడు" అనే పెద్దలు మనలో ఎందరు లేరు? అదే మనిషి మరో చోట పుట్టి ఉంటే అవే తప్పటడుగులతో 500 అడుగుల దూరం పోయి ఉండేవాడేమో. అప్పుడు వీరే అతడి పట్టుదలను పొగుడుతూ వ్యాసం రాసి ఉండేవారు. తొలి అడుగు నాలుగింట మూడు వంతులు ఖాయమయ్యే చోట పుట్టినవాడూ, వేసిన ప్రతి అడుగూ చెరిగిపోయే వీధిలో పుట్టినవాడూ ఒకే నాణెం ఎగరేస్తున్నప్పుడు, నాణేన్ని బట్టి ఇద్దరికీ మార్కులు వేయడం ఏమి న్యాయం?

నేను కూడా గణితం నుంచి జీవితానికి గంతు వేస్తున్నానని మీరనవచ్చు. లేదు. జీవితం చెట్టు అని నేను ప్రకటించడం లేదు. గణితం ఏ జీవితసత్యాన్నీ రుజువు చేయదు. కానీ ఎవరైనా దాన్ని సాక్షిగా బోనెక్కిస్తే, ఆ సాక్షి పూర్తి వాంగ్మూలం వినమని అడిగే హక్కు మనకుంది. ఈ సాక్షి చెప్పేది ఇంతే: నడక ఎక్కడికి చేరుతుందో తెలియాలంటే కాళ్ళను చూస్తే చాలదు, నేలను చూడాలి.

కాబట్టి ఇకమీదట యాదృచ్ఛిక నడక పేరు చెప్పి మనిషి బతుకును తేల్చిపారేసే పెద్దలకు నా మనవి ఒక్కటే. తీర్పు రాసే ముందు ఆ నడక ఏ నేల మీద సాగుతున్నదో రాయండి. అది రాయలేకపోతే గొంగళిని దాని మానాన దాన్ని ఉండనివ్వండి, శాలువా మాత్రం తీసేయండి. దీన్ని కాదనేవారి వాదం వినడానికి నేను సిద్ధంగా ఉన్నాను.